వరుసలో ముప్ఫై నలుగురు

2022 ఆగస్టు 31, బుధవారం. వినాయక చవితి.

పంజాగుట్ట చౌరస్తాలో తెల్లవారకముందే పత్రి కట్టలు, వెలగకాయలు, తామర మొగ్గలు పరిచారు. అమీర్‌పేట నుంచి బేగంపేట దాకా ఏ గల్లీ మలుపు తిరిగినా ఒక పందిరి, ఒక మైకు. కాస్త అవతల ఖైరతాబాద్‌లో ఆ ఏడు తొలిసారి మట్టితో చేసిన 50 అడుగుల పంచముఖ మహాలక్ష్మీ గణపతి. దర్శనానికి వెళ్ళేవాళ్ళతో మెట్రో రైళ్ళు కిటకిటలాడుతున్నాయి.

అవే రైళ్ళలో ఎల్బీనగర్ వైపు నుంచి కొందరు పండగ ఊసే లేకుండా వచ్చారు. చేతిలో టిఫిను డబ్బా, ఫ్లాస్కు, భుజం మీద పసిబిడ్డ. పంజాగుట్టలో దిగినా, ఎర్రమంజిల్‌లో దిగినా నిమ్స్ ఆసుపత్రికి నడిచి వెళ్ళొచ్చు. వాళ్ళు నడిచే వెళ్ళారు. లోపల మంచాల మీద వాళ్ళ ఆడవాళ్ళు ఉన్నారు. కొన్ని రోజుల కిందటి వరకు ఏ జబ్బూ లేని మనుషులు. సొంత కాళ్ళ మీద నడిచి ఆసుపత్రికి వెళ్ళి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు.

ఆపరేషన్ రోజు వరుసలో ఉన్నది 34 మంది. వారిలో నలుగురు పండగ వరకు బతకలేదు.

ఈ కథలోని ఆమెకు పేరు పెట్టడం లేదు. ఆమె ఒక్క మనిషి కూడా కాదు. తేదీలు, అంకెలు, ఆసుపత్రులు, కోర్టు తీర్పులు జరిగినవి జరిగినట్టే రాశాను. ఆమె ఇల్లు, ఆమె మాటలు మాత్రం అలాంటి వరుసల్లో నిలబడ్డ, ఇకముందు నిలబడబోయే ఎందరో ఆడవాళ్ళ నుంచి కూర్చినవి.

గురువారం

"అక్కా, గురువారం క్యాంపున్నది. మళ్ల ఎప్పుడు పెడ్తరో తెల్వది. పొద్దుగాల ఏం తినకుండ రావాలె."

ఆశా కార్యకర్త వాకిట్లో నిలబడే ఆ మాట చెప్పి పక్కింటికి వెళ్ళింది. ఈ కథలోని ఆమెకు ఇద్దరు పిల్లలు. చిన్నదానికి ఇంకా పాలు మాన్పించలేదు. మూడో కాన్పు వద్దని ఆమె ఎప్పుడో అనుకుంది. కాకపోతే ఇంత తొందరగా అనుకోలేదు. పత్తిలో కలుపు ఉంది, చిన్నదానికి జలుబు చేసింది.

"ఆయనకు చేపిస్తే అయిపోదా?" అని వంటింట్లోంచి అంది, గట్టిగా కాదు.

అత్తమ్మ విననే విన్నది. "వాడు బరువులు మోసేటోడు. కోత పడ్డంక వానికి బలముంటదా? నువ్వు ఇంట్ల ఉండేదానివే గద."

ఇంట్లో ఉండే ఆ మనిషి నాలుగింటికే లేచి బిందెలు నింపుతుంది. పత్తి మూట నెత్తిన పెట్టుకుని గట్ల మీద నడుస్తుంది. ఒక చంకన పిల్ల, ఇంకో చేత సంచి. ఆ బరువులు ఆ ఇంట్లో ఎవరి లెక్కలోకీ రాలేదు. భర్త ఏమీ అనలేదు. ఆయన ఊరుకోవడంతోనే నిర్ణయమైపోయింది.

ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం సామాజిక ఆరోగ్య కేంద్రంలో శిబిరం జరిగింది. 34 మందికి డీపీఎల్ పద్ధతిలో ఆపరేషన్ చేశారు. డీపీఎల్ అంటే డబుల్ పంక్చర్ లాపరోస్కోపీ. పేరులోనే ఉంది, రెండు చిల్లులు. నొప్పి తెలియకుండా ఇంజెక్షన్ ఇచ్చి, బొడ్డు దగ్గర ఒకటి, ఇంకాస్త కింద ఒకటి పెడతారు. గ్యాసు పంపి కడుపును పొంగిస్తారు. ఒక చిల్లులోంచి కెమెరా కన్నున్న సన్నటి గొట్టం, రెండో దాంట్లోంచి రింగు తొడిగే పరికరం వెళతాయి. గర్భసంచికి రెండు పక్కలా ఉన్న నాళాలను ఒక్కొక్కటిగా మడతపెట్టి లాగి, జొన్నగింజంత రబ్బరు రింగు తొడిగి వదిలేస్తారు. చేయి తిరిగిన సర్జనుకు కొద్ది నిమిషాల పని. కుట్టు ఒకటో రెండో. అదే రోజు ఇంటికి వెళ్ళిపోవచ్చు. ఆపరేషన్‌గా చూస్తే ఇది చిన్నదే. సరిగ్గా చేస్తే సురక్షితమైనదే. లోకంలో ఎక్కువమంది దంపతులు ఆధారపడే గర్భనిరోధక పద్ధతి ఆడవాళ్ళ స్టెరిలైజేషనే.

అసలు చూడాల్సింది సర్జను చేతినే కాదు, పక్కనున్న ట్రేని కూడా.

ఆ కెమెరా గొట్టంలో, అంటే లాపరోస్కోపులో, అద్దాలు ఉంటాయి. మామూలు కత్తెరల్లా దాన్ని ప్రతిసారీ ఆవిరిలో ఉడికించరు. ఒకరి కడుపులోంచి తీశాక కడిగి, గ్లూటరాల్డిహైడ్ అనే ఘాటైన ద్రావణంలో కనీసం 20 నిమిషాలు ముంచి ఉంచాలి. ఆ తర్వాత సూక్ష్మక్రిములు లేని నీళ్ళతో కడిగి, అప్పుడే రెండో మనిషి దగ్గరికి తీసుకెళ్ళాలి. ఆపరేషన్ కొద్ది నిమిషాలే. శుభ్రతకు 20 నిమిషాలు. ఒకే పరికరం ఉంటే 34 మందికి నానబెట్టడానికే 11 గంటలు దాటుతుంది. అందుకే కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు లెక్క కట్టి మరీ చెప్పాయి: ఒక బృందం దగ్గర మూడు లాపరోస్కోపులు ఉండాలి, ఒక్కోదానితో రోజుకు పదిమందికి, మొత్తం 30 మందికి మించి చేయకూడదు.

ఆ రోజు వరుస 34 దగ్గర ఆగింది.

శుక్రవారం నుంచి మంగళవారం దాకా

ఇంటికొచ్చిన రాత్రి పొత్తికడుపు నొప్పి. అది ఉండేదే. గ్యాసు మిగిలితే భుజాలు కూడా లాగుతాయి. గోలీ వేసుకుంది, పడుకుంది.

మర్నాటికి వాంతి. ఆ తర్వాత విరేచనాలు.

"ఏం తిన్నవు?" అంది అత్తమ్మ. ఎవరైనా ముందు అడిగే ప్రశ్న అదే. పప్పుచారు పడలేదనుకున్నారు, నిమ్మరసం ఇచ్చారు. ఇబ్రహీంపట్నం ఘటనలో అధికారులు మొదట చెప్పిన లక్షణాలూ ఇవే, అతిసారం లాంటివే.

ఆపరేషన్ తర్వాత సోకే ఇన్‌ఫెక్షన్ మనిషిని మోసం చేసేది ఇక్కడే. పేగులను చుట్టి ఉండే పల్చటి పొరకు క్రిమి సోకితే మొదట కనిపించేది వాంతులు, కడుపుబ్బరం, విరేచనాలు కావచ్చు. అది నెత్తురులోకి పాకితే గుండె దడదడలాడుతుంది, ఊపిరి వేగమవుతుంది, మూత్రం తగ్గిపోతుంది, చేతులు కాళ్ళు చల్లబడతాయి, మనిషి మగతగా మాట్లాడుతుంది. అక్కడి నుంచి ప్రతి గంటా విలువైనదే. ఇంట్లోవాళ్ళేమో "రేపు పొద్దున చూద్దాం" అంటారు. వాళ్ళది నిర్లక్ష్యం కాదు. ఇంటికి పంపేటప్పుడు ఎవరూ చెప్పకపోతే ఎలా తెలుస్తుంది?

ఆపరేషన్ అయిన 48 గంటల్లోపు ఆరోగ్య కార్యకర్త వచ్చి చూడాలని, ఏడో రోజున మళ్ళీ పరీక్ష చేయాలని నిబంధన. ఆ మొదటి 48 గంటలు ఎందుకంత ముఖ్యమో ఆ వారం రాష్ట్రానికంతటికీ తెలిసొచ్చింది. ఆగస్టు 28 ఆదివారం నుంచి 30 మంగళవారం మధ్య నలుగురు చనిపోయారు. అందరూ చిన్న వయసు తల్లులు. ఇద్దరు ముగ్గురు పిల్లలతో కుటుంబం చాలనుకుని, ఉన్న పిల్లలను బాగా చూసుకోవాలని వెళ్ళినవాళ్ళు.

ఈ కథలోని ఆమె ఇంటి ముందుకు మంగళవారం అంబులెన్స్ వచ్చింది. మిగిలిన 30 మందిని ఊరూరా వెతికి పరీక్షించారు. చాలామందిని హైదరాబాద్‌లో నిమ్స్‌కు, అపోలోకు తరలించారు.

"నాకేం కాలే, కొంచెం జెరమే" అంది ఆమె. "పిల్లకు పాలెట్ల?"

"నువ్వు ముందుగాల ఎక్కక్కా," అంది ఆశా కార్యకర్త. ఆమె మొహంలో రంగు లేదు. పేర్లు రాసుకొచ్చింది ఆమే, తోడు తీసుకెళ్ళింది ఆమే. ఊళ్ళో జవాబు చెప్పుకోవాల్సింది కూడా ఆమే. లోపం ఎక్కడో పైన జరిగినా, అందరికంటే ముందు నిందపడేది అందరికంటే కింద ఉన్న ఆడమనిషి మీదే.

సాగర్ రోడ్డు మీదుగా అంబులెన్స్ నగరంలోకి వచ్చింది. కిటికీలోంచి ఆమెకు గణపతి పందిళ్ళు కనిపించాయి. పంజాగుట్టలో దింపాక రక్తపరీక్షలు, స్కానింగులు, సెలైన్, యాంటీబయాటిక్స్. ఐదు రోజుల కిందట వరుసలో ఒక నంబరుగా ఉన్న మనిషి తలవైపు ఇప్పుడు ఆమె పేరుతో కేసు షీటు వేలాడుతోంది. గంటగంటకూ బీపీ, నాడి, మూత్రం లెక్క రాస్తున్నారు. గురువారం నాడే ఇందులో నాలుగో వంతు శ్రద్ధ పెట్టి ఉంటే ఈ మంచం అవసరం ఉండేదా?

ఆమె బతికింది. ఆ 30 మందీ బతికారు.

ప్రభుత్వం అప్పటి ప్రజారోగ్య సంచాలకుడు డాక్టర్ జి. శ్రీనివాసరావును విచారణకు నియమించింది. ఇబ్రహీంపట్నం ఆసుపత్రి సూపరింటెండెంటును సస్పెండ్ చేసింది. నివేదిక వచ్చాక మరికొందరి మీదా చర్యలు తీసుకుంది. చనిపోయిన ఒక్కొక్కరి కుటుంబానికి 5 లక్షల రూపాయలు, డబుల్ బెడ్‌రూం ఇల్లు, పిల్లలకు చదువు ప్రకటించింది. ఇల్లు వస్తుంది, చదువు వస్తుంది. రాత్రి నిద్రలో ఉలిక్కిపడి తడుముకునే పిల్ల చేతికి మాత్రం అమ్మ తగలదు.

వరుస ఎప్పుడు మొదలైంది?

ఈ వరుస ఇబ్రహీంపట్నంలో మొదలవలేదు.

కుటుంబ నియంత్రణను 1952లోనే జాతీయ కార్యక్రమంగా చేపట్టిన తొలి దేశం మనది. ఒకప్పుడు ఆ భారం మగవాళ్ళూ మోశారు. ఎమర్జెన్సీలో, 1976లో ఒక్క ఏడాదే సుమారు 62 లక్షల మంది మగవాళ్ళకు ఆపరేషన్లు చేశారు. ఎన్నో చోట్ల బలవంతంగా చేశారు. జనం తిరగబడ్డారు, ఎన్నికల్లో ప్రభుత్వమే కూలింది. ఆ తర్వాత ఏ పార్టీ కూడా మగవాడి ఆపరేషన్ గురించి గట్టిగా మాట్లాడలేదు. కార్యక్రమం ఆగలేదు, ఆడవాళ్ళ వైపు తిరిగింది. మగవాళ్ళకు కోపమొస్తే ప్రభుత్వాలు పడిపోతాయి. ఆడవాళ్ళకు నొప్పొస్తే గోలీ ఇస్తారు.

అంకెలు చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పెళ్ళయిన 15-49 ఏళ్ళ స్త్రీలలో 37.9 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నారు. మగవాళ్ళ ఆపరేషన్ మీద ఆధారపడ్డ దంపతులు 0.3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో ఆపరేషన్ అయిన స్త్రీలు 69.6 శాతం, తెలంగాణలో 61.9 శాతం. అంటే తెలుగు నేల మీద పెళ్ళయిన ప్రతి పదిమంది ఆడవాళ్ళలో ఆరేడుగురి పొట్ట మీద ఆ గాటు ఉంది. జనాభా పెరుగుదల తగ్గించిన రాష్ట్రాలని మనకు పేరొచ్చింది. ఆ పేరు ఎవరి ఒంటి మీద రాసి ఉందో మనం ఎన్నడూ చదవలేదు.

2012 జనవరిలో బీహార్‌లోని అరారియా జిల్లాలో ఒక బడిలో టార్చిలైటు వెలుగులో రెండు గంటల్లో 53 మందికి ఆపరేషన్లు చేశారు. దేవికా బిశ్వాస్ అనే ఆరోగ్య హక్కుల ఉద్యమకారిణి సుప్రీంకోర్టుకు వెళ్ళారు. కేసు నడుస్తుండగానే 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లాలో ఒకే సర్జను కొన్ని గంటల్లో 83 మందికి చేశారు. ఆ జిల్లా శిబిరాల్లో 13 మంది తల్లులు చనిపోయారు. 2016 సెప్టెంబరు 14న జస్టిస్ మదన్ లోకూర్, జస్టిస్ యు.యు. లలిత్ తీర్పు ఇచ్చారు: శిబిరాల పద్ధతిని మూడేళ్ళలో మాన్పించాలి.

మూడేళ్ళంటే 2019. ఇబ్రహీంపట్నం శిబిరం జరిగింది 2022లో.

చౌరస్తాకు అటు పక్క

పంజాగుట్ట నుంచి ఒక వైపు వెళితే ఎల్బీనగర్ దాటి ఇబ్రహీంపట్నం. ఇంకో వైపు అమీర్‌పేట, కూకట్‌పల్లి మీదుగా వెళితే పటాన్‌చెరు. ఆ రెండో దారిలో జరిగిన కథ కూడా చెప్పాలి. ఎందుకంటే అక్కడ ఆడవాళ్ళు వరుసలోంచి బయటికి వచ్చారు.

1985. పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్‌ను పరీక్షించడానికి ఆడవాళ్ళను పిలిచారు. రెండు నెలలకోసారి సూది వేసుకుంటే పిల్లలు పుట్టరని చెప్పారు. అది ఇంకా పరీక్షలో ఉన్న మందు అని చెప్పలేదు. హైదరాబాద్‌కు చెందిన స్త్రీ శక్తి సంఘటన సభ్యులు అక్కడికి వెళ్ళి, ఇదేం మందో, ఏమేం అవుతుందో వీళ్ళకు వివరించండని పట్టుబట్టారు. వివరాలు బయటికి వచ్చేసరికి వచ్చినవాళ్ళలో చాలామంది లేచి ఇళ్ళకు వెళ్ళిపోయారు.

వాళ్ళకు చదువు లేదు, డబ్బు లేదు. అయినా విషయం విప్పి చెబితే తమకేం కావాలో, ఏం వద్దో నిమిషంలో తేల్చుకున్నారు. మరుసటి ఏడాది స్త్రీ శక్తి సంఘటన, ఢిల్లీలోని సహేలీ తదితర సంఘాలతో కలిసి సుప్రీంకోర్టులో కేసు వేసింది. అది 2000 దాకా నడిచింది.

ఆ అనుభవాలు తెలిసిన హైదరాబాద్ మహిళల చేతుల మీదుగానే 1991లో 'సవాలక్ష సందేహాలు' అనే పుస్తకం వచ్చింది. నెలసరి, గర్భం, కాన్పు, ఆపరేషన్, తెల్లబట్ట, రక్తహీనత లాంటి విషయాలను, డాక్టరు దగ్గర అడగడానికి నోరు రాని ప్రశ్నలను తెలుగులో ఆడవాళ్ళతో ఆడవాళ్ళు మాట్లాడినట్టు రాశారు. ఆరోగ్య అవగాహన అంటే గోడ మీద నినాదం రాయడం కాదని, మనిషికి తన ఒంటి గురించి తనకు తెలియజేయడమని ఆ పుస్తకం చేసి చూపించింది.

అవగాహన లేక చనిపోయారు అనే మాట మనం తేలిగ్గా అనేస్తాం. ఇబ్రహీంపట్నం తల్లులకు అవగాహన లేదా? ఎంతమంది పిల్లలు చాలో వాళ్ళకు తెలుసు. తెలిసే వెళ్ళారు. తెలియాల్సినవాళ్ళకు తెలియనిది ఒక్కటే, తమ ముందు ఉన్నది అంకె కాదు, ఒక మనిషి అని.

ఇంటికి తీసుకెళ్ళాల్సిన నాలుగు మాటలు

ఒకటి. ఆపరేషన్ ఎప్పుడు చేయించుకోవాలో, అసలు చేయించుకోవాలో వద్దో మీ ఇష్టం. ఈ రోజు కాకపోతే ఇంకో రోజు. లూప్, మాత్రలు, ఇంజెక్షన్, నిరోధ్ కూడా ఉన్నాయి. సంతకమో వేలిముద్రో పెట్టే ముందు కాగితంలో ఏముందో మీ భాషలో చదివి వినిపించమనండి.

రెండు. ఈ రోజు ఎంతమందికి చేస్తున్నారు, పరికరాలు ఎన్ని ఉన్నాయి అని అడగండి. ఈ ప్రశ్న అడిగితే మీరు గొడవ మనిషి అయిపోరు.

మూడు. ఇంటికొచ్చాక జ్వరం, ఆగని వాంతులు, విరేచనాలు, కడుపుబ్బరం, పెరుగుతున్న నొప్పి, ఆయాసం, మగత, గాటు దగ్గర చీము, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకండి. 108కి ఫోను చేయండి. ఆపరేషన్ అయి ఎన్ని రోజులైందో డాక్టరుకు మొట్టమొదటి మాటగా చెప్పండి.

నాలుగు. మగవాళ్ళకు చేసే వేసెక్టమీ ఇంకా చిన్నది. కోత, కుట్టు లేని పద్ధతిని 1974లో చైనా వైద్యుడు లీ షున్‌చియాంగ్ రూపొందించారు. కడుపు తెరవక్కర్లేదు, పావుగంటలో అయిపోతుంది. బరువులు మోసే బలం తగ్గదు, మగతనమూ తగ్గదు. మూడు నెలల పాటు నిరోధ్ వాడి, ఆ తర్వాత వీర్యపరీక్ష చేయించుకుంటే చాలు. మన పక్కనున్న భూటాన్‌లో, బ్రిటన్‌లో, కెనడాలో పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ ఆడవాళ్ళకంటే మగవాళ్ళే ఎక్కువగా చేయించుకున్నారు.

మళ్ళీ ఒక గురువారం

ఆమె ఇంటికి వెళ్ళింది. చిన్నది రెండు రోజులు దగ్గరికి రాలేదు, మూడో రోజు వచ్చి కొంగు పట్టుకుంది. కొన్నాళ్ళకు ఆమె మళ్ళీ చేనుకు పోయింది, మళ్ళీ బిందెలు ఎత్తింది.

కొంతకాలానికి తోడికోడలికి రెండో కాన్పు అయింది. ఒక పొద్దున ఆశా కార్యకర్త వాకిట్లోకి వచ్చింది. ఈసారి నిలబడి మాట్లాడి వెళ్ళిపోలేదు, కూర్చుంది. మంచినీళ్ళు తాగి, మెల్లగా అంది.

"గురువారం ఆపరేషన్లు ఉన్నయక్కా."

తోడికోడలు అలవాటుగా తల ఊపబోయింది. ఆసుపత్రి నుంచి బతికొచ్చిన ఆమె బియ్యం చేట పక్కన పెట్టి ముందుకొచ్చింది.

"ఆ రోజు ఎంతమందికి చేస్తరు?"

ఆశా కార్యకర్త చెప్పింది.

"మిషిన్లు ఎన్నున్నయి?"

"కనుక్కొని చెప్తక్కా."

"రాత్రి జెరమొస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలె? నంబరు రాసియ్యి."

ఆశా కార్యకర్త పుస్తకం చివరి పేజీ చింపి రాసిచ్చింది. ఆమె ఆ కాగితం తోడికోడలి చేతిలో పెట్టి, గడప మీద కూర్చుని బీడీ ముట్టించుకుంటున్న మరిది వైపు తిరిగింది.

"ఇంకోటి చెప్పు చెల్లే. మొగోళ్ళకు చేసేది ఏ రోజు?"

అత్తమ్మ లోపలి నుంచి వింటూనే ఉంది. ఈసారి ఆమె ఏమీ అనలేదు.